నెమ్మదిగా వెళ్లమంటే మొరాయించే మోటారు

2023 జులై 13న ఢిల్లీ పాత రైల్వే వంతెన దగ్గర యమునా నది మట్టం 208.66 మీటర్లకు చేరింది. 1978 వరదల నాటి 207.49 మీటర్ల రికార్డు 45 ఏళ్ల తర్వాత చెరిగిపోయింది. కశ్మీరీ గేట్ పరిసరాల్లో, యమునా బజార్ ఇళ్ల మధ్య, నిన్నటిదాకా బస్సులు తిరిగిన రింగ్ రోడ్డు మీద జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) రబ్బరు పడవలు తిరిగాయి. నోయిడా వైపు ఎన్డీఆర్ఎఫ్ బృందాలు పశువులను కూడా ఒడ్డుకు చేర్చాయి. వాటిలో కోటి రూపాయల విలువ చేస్తుందని చెప్పిన ఎద్దు కూడా ఒకటుంది! మరుసటి ఏడాది సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌ను ముంచెత్తినప్పుడు తెలుగువాళ్లు అవే పడవలను తమ వీధుల్లో చూశారు.

ఆ పడవలన్నింటికీ వెనకవైపు ఒక చిన్న పెట్రోలు ఇంజిన్ వేలాడుతూ ఉంటుంది. దాన్నే అవుట్‌బోర్డ్ మోటారు అంటారు. ఇంజిన్, గేర్లు, ప్రొపెల్లర్ అన్నీ ఒకే కడ్డీకి అమర్చి, పడవ వెనక చెక్కకు బిగించేస్తారు. అవసరం తీరాక విప్పి భుజాన వేసుకుపోవచ్చు. నది మధ్యలో అది పడవను రయ్యిన తీసుకుపోతుంది. వీధిలోకి వచ్చాకే చిక్కు మొదలవుతుంది. అక్కడ పడవ మనిషి నడిచే వేగంతో, అంటే గంటకు 4, 5 కిలోమీటర్లతో వెళ్లాలి. మోటారుకు ఈ వేగం బొత్తిగా పడదు. దగ్గుతుంది, తుమ్ముతుంది, పొగ వదులుతుంది, చివరికి ఏ మేడ మెట్ల దగ్గరో ఆగిపోతుంది. ప్రవాహంలో మోటారు ఆగిన పడవకు దిశ కూడా ఉండదు. అవుట్‌బోర్డ్‌కు విడిగా చుక్కాని ఉండదు కాబట్టి ప్రొపెల్లర్ నీటిని నెడుతున్నంతసేపే పడవ మన మాట వింటుంది.

అసలు అంత నెమ్మదిగా ఎందుకు వెళ్లాలి? నీటి కింద కార్లు, గేట్లు, కరెంటు తీగలు ఉంటాయన్నది ఒక కారణం. రెండోది అలలు. పడవ తన వేగంతోనే కదిలే అలను తనతో పుట్టిస్తూ పోతుంది. లోతు నీటిలో అల వేగం దాని పొడవు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. అల పొడవును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.25తో గుణిస్తే సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో వస్తుంది. 4.5 మీటర్ల పడవ గంటకు 9 కిలోమీటర్ల దరిదాపుల్లో వెళ్తే పుట్టే అల పొడవు దాదాపు పడవంత అవుతుంది. అప్పుడు ముక్కు పైకి లేచి, వెనక భాగం దిగబడి, అతి పెద్ద అలలు లేస్తాయి. అవి కిటికీల్లోంచి ఇళ్లలోకి కొడతాయి, నానిన గోడలను కూలుస్తాయి, నడుం లోతు నీటిలో నిలబడ్డ మనిషిని పడదోస్తాయి. వేగం సగానికి తగ్గితే అల పొడవు నాలుగో వంతుకు పడిపోతుంది, ఎత్తూ బాగా తగ్గుతుంది. అందుకే వీధుల్లో 4, 5 కిలోమీటర్లు దాటకూడదు.

ఇదే వేగంతో మరో పని చేసేవాళ్లున్నారు. కదిలే పడవ వెనక గాలం తాళ్లను ఈడ్చుకుంటూ పోయి చేపలు పట్టడాన్ని ట్రోలింగ్ అంటారు. అడుగున వల ఈడ్చే ట్రాలింగ్ వేరు, ఇది వేరు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే అన్నట్టు కనిపించి వార్తల్లో కూడా తారుమారవుతుంటాయి. ఇంటర్నెట్‌లో ఎవరినో రెచ్చగొట్టే ‘ట్రోలింగ్’ కూడా ఈ గాలం నుంచే పుట్టిందంటారు. లక్షద్వీప్‌లో ఈ పద్ధతి వాడుకలో ఉంది. మన తీరంలో విశాఖపట్నం, పూడిమడక ప్రాంతాల మత్స్యకారులకు గాలాలతో ట్యూనా, వంజరం పట్టడంలో మంచి పేరుంది. ట్యూనా లాంటి వేగమైన చేపలకు పడవ కాస్త చురుగ్గా వెళ్లాలి. చెరువుల్లో, నదుల్లో పట్టే చాలా చేపలకు మాత్రం ఎర నెమ్మదిగా, ఈదుతున్నట్టు కదలాలి. ఇంజిన్ ఒకసారి ఆగి ఒకసారి ఉరికితే ఎర మునిగి తేలుతుంది, చేప దాని జోలికి రాదు. అందుకే చిన్న మోటారును నెమ్మదిగా, నికరంగా నడపడమెలా అన్న ప్రశ్నకు జవాబులు వెతికింది ఎక్కువగా గాలం వేసేవాళ్లే. వరద పడవలకూ ఆ జవాబులే పనికొస్తాయి.

సీలింగ్ ఫ్యాను ఆడేంత పని

ముందు చిన్న లెక్క చూద్దాం. ప్రొపెల్లర్‌ను తిప్పడానికి కావలసిన శక్తి, అది తిరిగే వేగానికి ఉజ్జాయింపుగా ఘనంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. దీన్నే తలకిందులుగా చూడండి. 25 హార్స్‌పవర్ మోటారు నిమిషానికి 5500 చుట్లు తిరిగేటప్పుడు దాదాపు 18,600 వాట్లు ఇస్తుందనుకుందాం. అదే మోటారు 1500 చుట్లకు తగ్గితే ప్రొపెల్లర్‌కు కావలసింది అందులో 2 శాతం, అంటే 380 వాట్లు. 900 చుట్ల ఐడ్లింగ్‌లో అయితే 0.4 శాతం, సుమారు 80 వాట్లే. మన ఇంట్లో పాతకాలపు సీలింగ్ ఫ్యాను తీసుకునే కరెంటు కూడా దాదాపు అంతే.

25 గుర్రాలను కట్టి ఒక సీలింగ్ ఫ్యానును తిప్పిస్తున్నామన్నమాట. ఆ స్థితిలో ఇంజిన్ కాల్చే పెట్రోలులో అధికభాగం దాని సొంత రాపిడికే పోతుంది. పైగా లోపల ఏ భాగమూ తాను తయారైన పరిస్థితిలో ఉండదు. గాలి వేగం చాలదు, వేడి చాలదు, పీడనం చాలదు. మోటారు చెడిపోయిందని మెకానిక్ దగ్గరకు తీసుకెళ్తారు. అతడు రేస్ చేసి చూసి ‘బ్రహ్మాండంగా ఉంది’ అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే.

కార్బొరేటర్‌లో అర మిల్లీమీటరు రంధ్రం

కార్బొరేటర్ పనిచేసేది బెర్నూలీ సూత్రం మీద. ఇరుకైన గొంతులోంచి గాలి వేగంగా పోతే అక్కడ పీడనం తగ్గుతుంది, ఆ లోటు పెట్రోలును పైకి లాగుతుంది. ఈ పీడనం తేడా గాలి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. గాలి 20 రెట్లు నెమ్మదిస్తే లాగే బలం 400 రెట్లు తగ్గుతుంది. అంటే థ్రాటిల్ మూసినప్పుడు ప్రధాన జెట్ నుంచి పెట్రోలు చుక్క కూడా రాదు.

అందుకే కార్బొరేటర్‌లో రెండో దారి ఒకటి పెట్టారు. థ్రాటిల్ పలక అంచు దగ్గర, ఇంజిన్ వైపు పీల్పు బలంగా ఉండే చోట ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ బతికేది దాని మీదే. ఆ దారిలోని జెట్ వ్యాసం అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. పక్కన ఉండే చిన్న స్క్రూ గాలి, పెట్రోలు పాళ్లను సరిచేస్తుంది. బైకు నడిపేవాళ్లకు ఈ లక్షణం తెలిసే ఉంటుంది: ఎక్సలేటర్ తిప్పి ఉంచితే బండి బాగుంటుంది, వదిలితే ఆగిపోతుంది. అలా జరిగితే ముందుగా అనుమానించాల్సింది ఆ సన్నటి దారినే.

వరద పడవలకు ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. చేపల పడవ మోటారు వేట నిషేధ కాలం తప్ప దాదాపు రోజూ తిరుగుతుంది. రక్షణ పడవ మోటారు ఏడాదిలో చాలా నెలలు గోదాములో పడి ఉంటుంది. కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరైపోతూ జిగురులాంటి మడ్డిని వదులుతుంది. పెద్ద జెట్‌కు దానితో పెద్దగా ఇబ్బంది లేదు. అర మిల్లీమీటరు రంధ్రం మాత్రం పూడుకుపోతుంది. జులైలో సైరన్ మోగినప్పుడు మోటారు చోక్ మీద స్టార్టవుతుంది, నది దాటుతుంది, వీధి మొదట్లో థ్రాటిల్ తగ్గించగానే చచ్చిపోతుంది. దీనికి మందు చాలా చవక. పని ముగిశాక పెట్రోలు గొట్టం పీకేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపి, గిన్నెలో మిగిలిన తడిని కింది స్క్రూ విప్పి తీసేయాలి. ఐదు నిమిషాల పని.

ఇథనాల్ వల్ల మరో మెలిక వచ్చింది. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. కిలో మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకు 13.5 కిలోలు చాలు. పాత పెట్రోలుకు సరిచేసిన కార్బొరేటర్ ఆ తేడాను గుర్తించలేదు కాబట్టి మిశ్రమం 8 శాతం మేర పలచబడుతుంది. ఎక్కువ వేగంలో ఇంజిన్ దీన్ని సర్దుకుంటుంది. అంచు మీద బతికే ఐడ్లింగ్‌లోనే మొదట తడబడుతుంది. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీలుస్తుంది. తగినంత నీరు చేరితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పెట్రోలు పీల్చే గొట్టం మూతి కూడా ఆ అడుగునే ఉంటుంది. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలుతో రక్షణకు బయల్దేరడం తగదు.

చేతక్ స్కూటర్ పాఠం

రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. పాత బజాజ్ చేతక్ ఐడ్లింగ్ శబ్దం గుర్తుందా? ఒక లయ లేకుండా, ఒకటి రెండు చుట్లు వదిలేసి ఒకసారి పేలినట్టు ఉండేది. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో కాలిన పొగను బయటకు తోసేది లోపలికి వచ్చే కొత్త మిశ్రమమే. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు వచ్చే మిశ్రమం కొంచెం, దానికి తోసే బలం లేదు. సిలిండర్‌లో పాత పొగే ఎక్కువగా మిగిలిపోయి మంట అంటుకోదు. రెండో చుట్టులో మరికాస్త కొత్త మిశ్రమం చేరాక అంటుకుంటుంది. మధ్యలో కాలకుండా పోయిన పెట్రోలు, ఆయిలు పొగగొట్టంలోంచి నీటిలో కలుస్తాయి. నీటి మీద రంగుల తెర కట్టేది అదే.

అలా కాలని ఆయిలు స్పార్క్ ప్లగ్గు మీద కూడా పేరుకుంటుంది. ప్లగ్గు మొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీది మసి దానంతటదే కాలిపోతుంది. 870 డిగ్రీలు దాటితే ఆ మొనే నిప్పుకణమై, సమయం కాకముందే మంట పుట్టిస్తుంది. ప్లగ్గు ఈ రెండింటి మధ్యే ఉండాలి. గంటసేపు నెమ్మదిగా నడిస్తే మొన 450 కంటే దిగువకు పడిపోతుంది, మసి కడుతుంది, మసి గుండా కరెంటు కారిపోయి నిప్పురవ్వ రాదు. ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించడం చేతక్ కాలంలో ఇంటింటి విద్య.

దీనికి కొందరు ‘వేడి ప్లగ్గు’ వేస్తారు. వేడిని నెమ్మదిగా వదిలే ఆ ప్లగ్గు తక్కువ వేగంలో శుభ్రంగా ఉంటుంది. కానీ అదే మోటారును పూర్తి వేగంతో నదిలో తోలితే మొన మరీ వేడెక్కి పిస్టన్‌కే చిల్లు పడవచ్చు. గాలానికి మాత్రమే వాడే మోటారుకైతే సరే. నది దాటి వీధిలోకి పోవాల్సిన మోటారుకు నేనైతే వద్దంటాను. తయారీదారు చెప్పిన ప్లగ్గే వేసి, అరగంటకోసారి ఖాళీ చోటు చూసుకుని రెండు మూడు నిమిషాలు థ్రాటిల్ పెంచి మసి కాల్చేయడం మేలు. రెండు స్ట్రోకుల ఆయిలును లెక్కకు మించి పోయడం కూడా మానాలి. 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు అని రాసి ఉంటే ‘ఇంకొంచెం పోస్తే ఇంజిన్‌కు మంచిది’ అనుకోవడం మసికి స్వాగతం పలకడమే.

సర్దుబాటు డ్రమ్ములో కాదు, నదిలో

కార్బొరేటర్ సరిచేసేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. మోటారును నీళ్ల డ్రమ్ములో పెట్టి, న్యూట్రల్‌లో, చల్లగా ఉండగానే స్క్రూ తిప్పుతారు. అక్కడ చక్కగా ఆడిన ఇంజిన్ నదిలో గేరు వేయగానే ఆగిపోతుంది. గేరు పడితే భారం మారుతుంది, పొగ బయటకు పోయే దారిలో నీటి ఒత్తిడి మారుతుంది. అందుకే పడవను ఒడ్డుకు గట్టిగా కట్టేసి, ఇంజిన్ పది నిమిషాలు నడిచి వేడెక్కాక, ముందు గేరులో ఉంచి సరిచేయాలి. మిశ్రమం పలచనైతే ఇంజిన్ కార్బొరేటర్‌లోకి తుమ్ముతుంది. చిక్కనైతే బరువుగా, కుంటుతూ నడుస్తుంది. రెండింటి మధ్య అత్యంత నునుపుగా నడిచే చోటు పట్టుకుని, అక్కడి నుంచి ఒక్క వెంట్రుకవాసి చిక్కదనం వైపు ఉంచాలి. థ్రాటిల్ పెంచిన క్షణంలో గాలి ముందు దూకుతుంది, పెట్రోలు వెనకబడుతుంది. ఆ క్షణాన్ని దాటించేది ఈ కాస్త చిక్కదనమే. స్క్రూ ఎటు తిప్పితే చిక్కబడుతుందన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోవాల్సిందే. చాలా మోటార్లలో థ్రాటిల్‌తో పాటే నిప్పురవ్వ సమయమూ మారుతుంది. ఆ లింకు వదులైతే కార్బొరేటర్‌ను ఎంత కడిగినా ఫలితం ఉండదు.

వేగం తగ్గించడానికి గేరు వేస్తూ తీస్తూ పోవడం మరో అలవాటు. అది కొద్ది దూరానికి పనికొస్తుంది గానీ, గేరు తీసిన ప్రతిసారీ పడవ దిశ కోల్పోతుంది, గేరు పళ్లు అరుగుతాయి.

చల్లబరిచే నీటి సంగతీ చూడాలి. ఇంజిన్ పక్క నుంచి సన్నటి ధారగా నీరు చిమ్ముతుంటుంది కదా, పంపు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. పంపులోని రబ్బరు రెక్కలు ఎక్కువ వేగంలో నీటిని విసిరికొడతాయి, తక్కువ వేగంలో వంగుతూ లేస్తూ కొంచెం కొంచెంగా తోస్తాయి. నెలల తరబడి కదలకుండా ఉంటే అవి ఒకవైపు వంగి బిరుసెక్కుతాయి. బురద నీరు, పాలిథిన్ సంచులు నిండిన వీధిలో నెమ్మదిగా పోయేటప్పుడు ఈ ధార మీద ఒక కన్నేసి ఉంచాలి. రెండు గోడల మధ్య, వెనక నుంచి గాలి వీస్తుంటే పొగ పడవలోకే వస్తుందని, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుందని కూడా మరవకూడదు. తలనొప్పి అన్నవాళ్లను ముందువైపుకు జరపాలి.

ఇంజిన్‌కు పని కల్పించడం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఇంజిన్‌ను బుజ్జగించే పనులు. అసలు రోగం భారం లేకపోవడం. ఆ వైపు నుంచి వస్తే ఇంకో దారి ఉంది.

ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకు ఎంత ముందుకు వెళ్లాలో చెప్పేది పిచ్. స్క్రూ మరలాగే. 11 అంగుళాల పిచ్ అంటే చుట్టుకు 28 సెంటీమీటర్లు. ఇంజిన్ 900 చుట్లు తిరిగి, గేర్లలో వేగం సగమైతే ప్రొపెల్లర్ 450 చుట్లు తిరుగుతుంది. లెక్క ప్రకారం గంటకు 7.6 కిలోమీటర్లు. నీటిలో జారుడు పోను మూడింట రెండు వంతులు దక్కిందనుకుంటే 5 కిలోమీటర్లు. 9 అంగుళాల పిచ్ వేస్తే అదే ఇంజిన్ వేగానికి 4 కిలోమీటర్లకు వస్తుంది. లేదా అదే 5 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ 1100 చుట్లు తిరుగుతూ సుఖంగా ఉంటుంది. బదులుగా గరిష్ఠ వేగం తగ్గుతుంది. ఖాళీ పడవను పూర్తి థ్రాటిల్‌తో తోలితే ఇంజిన్ పరిమితి దాటి తిరిగే ప్రమాదమూ ఉంది. అయినా ఎనిమిది మందిని ఎక్కించుకునే పడవకు తక్కువ పిచ్ ఎలాగూ మంచిదే, బరువుతో త్వరగా కదులుతుంది.

గాలం వేసేవాళ్ల ఇంకో కిటుకు నాకు చాలా ఇష్టం. గుడ్డతో కుట్టిన గరాటు సంచిని, అది లేకపోతే మామూలు బకెట్‌ను తాడుతో కట్టి నీటిలో ఈడుస్తారు. నీటి ప్రతిఘటన వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సంచి వల్ల పడవ మీది ప్రతిఘటన మూడు రెట్లైతే, అదే తోపుకు వేగం 1.7 రెట్లు తగ్గుతుంది. 5 కిలోమీటర్ల పడవ 3కు వస్తుంది. ఇంజిన్ థ్రాటిల్ ముట్టుకోనక్కరలేదు. తాడు ప్రొపెల్లర్‌లో చుట్టుకోకుండా పక్క నుంచి వదలాలి. తీగలు, చెట్లు ఉన్న వరద వీధిలో మాత్రం ఈ కిటుకు పనికిరాదు, సంచి ఎక్కడో తట్టుకుంటుంది.

డబ్బుంటే నాలుగు స్ట్రోకుల ఫ్యూయల్ ఇంజెక్షన్ మోటారు చాలా సమస్యలు తీరుస్తుంది. పెట్రోలును పీల్పు మీద ఆధారపడకుండా కంప్యూటర్ కొలిచి చిమ్ముతుంది. కొన్ని మోడళ్లలో బటన్ నొక్కి ఐడ్లింగ్‌ను 50 చుట్ల చొప్పున పెంచి తగ్గించవచ్చు. బరువు, ధర, గోదాములోని మడ్డి మాత్రం వాటికీ ఉన్నాయి.

ఇక కరెంటు మోటారు. విద్యుత్ మోటారుకు ఐడ్లింగ్ అన్నదే లేదు, సున్నా వేగం దగ్గర కూడా పూర్తి మెలితిప్పు బలం ఇస్తుంది. విచిత్రమేమిటంటే, విప్పి తీసుకుపోగల తొలి పడవ మోటారు కూడా విద్యుత్తుదే. 1881లో ఫ్రాన్స్‌కు చెందిన గుస్తావ్ ట్రూవే ప్యారిస్‌లో సేన్ నది మీద దాన్ని నడిపి చూపించాడు. ఆ తర్వాత పెట్రోలు రాజ్యమేలింది, 1930లలో అమెరికాలో గాలం వేసేవాళ్ల కోసం చిన్న విద్యుత్ మోటార్లు తిరిగి వచ్చాయి.

మరి పెట్రోలును ఎందుకు వదలలేకపోతున్నాం? 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ 30 కిలోల దాకా తూగుతుంది. అందులో 1.2 కిలోవాట్ అవర్లు ఉంటాయి, బ్యాటరీ పాడవకూడదంటే సగమే వాడాలి. లీటరు పెట్రోలులో దాదాపు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంది. ప్రవాహానికి ఎదురీది నది దాటాలంటే బ్యాటరీ నిమిషాల్లో చేతులెత్తేస్తుంది. కానీ వీధిలో కావలసింది 300 వాట్లే అయితే ఆ సగం బ్యాటరీతోనే రెండు గంటలు తిరగవచ్చు. పొగ ఉండదు. చప్పుడూ ఉండదు, రెండో అంతస్తు నుంచి ఎవరైనా పిలిస్తే వినపడుతుంది. వీధి మొదటిదాకా పెట్రోలు మోటారుతో వచ్చి, దాన్ని పైకి ఎత్తి కట్టేసి, లోపలికి కరెంటు మోటారుతో వెళ్లడం ఈ లెక్కల ప్రకారం సాధ్యమే. గాలం వేసేవాళ్లు పెద్ద మోటారు పక్కన చిన్నది తగిలించుకుని ఇదే పని ఎప్పటి నుంచో చేస్తున్నారు.